ఈసీజీ నార్మల్... మరి ఈ గుండెదడ?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. రెండు నెలలుగా ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోంది. ఊపిరి అందదు, వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, ప్రాణం పోతోందనిపిస్తుంది. మూడుసార్లు అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తాం. ఈసీజీ, ఎకో అన్నీ నార్మల్. ‘ఏమీ లేదు, టెన్షన్ పడకు’ అంటున్నారు. ఏమీ లేకపోతే ఇలా ఎందుకవుతోంది? ఇప్పుడు బస్సెక్కాలన్నా భయంగా ఉంది.
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: గుండెకు జబ్బు లేదని మాత్రమే ఆ పరీక్షలు చెబుతున్నాయి. మీ బాధ నిజమైనదే, దానికి కారణమూ ఉంది. మీరు రాసినవి పానిక్ అటాక్ లక్షణాలకు సరిపోతున్నాయి. ఇది ఒక్కసారిగా మొదలై పది నిమిషాల్లోపే తీవ్రస్థాయికి చేరుతుంది, సాధారణంగా అరగంటలో చాలావరకు సర్దుకుంటుంది. ఆస్పత్రికి చేరేసరికే సగం తగ్గిపోయి ఉండటం అందుకే.

లోపల జరిగేది ఇది. ప్రమాదం ముంచుకొచ్చిందని మెదడు పొరపాటున సంకేతమిస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. మీకు తెలియకుండానే గబగబా ఊపిరి తీసుకుంటారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్లలో తిమ్మిరి, తల తేలిపోవడం ఆ తగ్గుదల వల్లే. ఆక్సిజన్ నిండుగానే ఉంటుంది. అయినా గాలి చాలడం లేదనిపించి ఇంకా గట్టిగా లాగుతారు. తిమ్మిరి పెరుగుతుంది, అది చూసి గుండెపోటేమోనన్న భయం, ఆ భయానికి మరింత అడ్రినలిన్.

కాబట్టి దడ మొదలవగానే కూర్చోండి. గట్టిగా కాదు, నెమ్మదిగా ఊపిరి తీయాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, నోటితో ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఛాతీ కాకుండా పొట్ట కదలాలి. ఐదు నిమిషాలు ఇలా చేయండి. ముఖానికి కాగితం సంచీ పెట్టుకుని ఊపిరి తీయమని కొందరు చెబుతారు, వద్దు. అది ఆస్తమానో గుండె సమస్యో అయితే ప్రమాదం. నాడి పట్టుకుని చూసుకోవడం, ఆక్సిమీటర్ పెట్టుకోవడం కూడా మానండి. చూసిన ప్రతిసారీ భయం పెరుగుతుంది.

మీరు రాసిన చివరి మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. బస్సు మానేసిన రోజున హాయిగా ఉంటుంది. కానీ బస్సు నిజంగానే ప్రమాదమని, మానేయడం వల్లే బతికామని మెదడు నేర్చుకుంటుంది. తర్వాత లిఫ్టు, ఆపై సినిమా హాలు, చివరికి ఒంటరిగా గుమ్మం దాటలేని స్థితి. మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న దిగులు, దానికోసం పనులు మానుకోవడం నెలరోజులు దాటితే దాన్ని పానిక్ డిజార్డర్ అంటాం. మీరు ఆ దశలో ఉన్నట్టున్నారు. రెండు స్టాపుల దూరమైనా సరే బస్సెక్కండి, దడ వచ్చినా తగ్గేదాకా దిగకండి.

టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్ చేశారో లేదో రిపోర్టు తీసి చూడండి. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనా, రక్తం బాగా తగ్గినా అచ్చం ఇలాగే దడ వస్తుంది. రోజుకు నాలుగైదు కాఫీలు తాగడం, ఆస్తమాకు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ వాడటం, ముందురోజు మద్యం తాగడం కూడా దడ తెప్పిస్తాయి. ఇవేమైనా ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

ఆలోచనలను, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది. అందులో దడను కావాలనే తెప్పిస్తారు: ఉన్నచోటే నిమిషంపాటు పరిగెత్తించడం, కుర్చీలో గిరగిరా తిప్పడం వంటివి. గుండె వేగంగా కొట్టుకున్నా ఏమీ కాదని శరీరానికి అనుభవంతో తెలియాలి. మందుల్లో ఎస్సిటాలోప్రామ్ లాంటివి తక్కువ మోతాదుతో, చాలామందికి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుతారు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, విరేచనాలు, ఒక్కోసారి ఆందోళన పెరగడం కూడా ఉంటాయి. ‘మందు పడలేదు’ అని చాలామంది ఆపేసేది సరిగ్గా అప్పుడే. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు, చాలాసార్లు ఏడాదిదాకా వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఒక హెచ్చరిక. నడిచినా మెట్లెక్కినా ఛాతీ పట్టేసినట్టుండటం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం ఉంటే, ఇదివరకు ఎన్ని ఈసీజీలు బాగున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా అమ్మకు 61. నాన్నగారు పోయి పది నెలలైంది. ఒళ్లునొప్పులు, కడుపులో మంట, ఆకలి లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఎవరితోనూ మాట్లాడదు. నిద్రకోసం ఇచ్చిన ఆల్‌ప్రజోలామ్ ఎనిమిది నెలలుగా వేసుకుంటోంది, ఒకటి కాస్తా రెండయ్యాయి. మానేస్తే వణుకు. ‘నేనెందుకు ఉన్నానో’ అంటోంది.
– ఓ సోదరి, తెనాలి

జవాబు: చివరి మాటతో మొదలుపెడతాను. పక్కన కూర్చుని నేరుగా అడగండి: ‘అమ్మా, చనిపోవాలనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలనుకున్నావా?’ అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, సమాధానం దాటవేసినా ఒంటరిగా వదలకండి, అదేరోజు సైకియాట్రిస్టుకు చూపించండి. పురుగుమందు, మాత్రల డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, రోజు మాత్రలు మీ చేత్తో ఇవ్వండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

భర్త పోయిన దుఃఖం సహజం. అది అలలుగా వస్తుంది, మధ్యలో మనవడిని చూస్తే నవ్వొస్తుంది. దేనికీ నవ్వు రాకపోవడం, ఇష్టమైన పనులమీద ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి చెడటం, తాను పనికిరాననుకోవడం రెండు వారాలు విడవకుండా ఉంటే అది కుంగుబాటు, చికిత్స అవసరం. ఆ వయసు వాళ్లు ‘దిగులుగా ఉంది’ అని చెప్పరు. నొప్పులని, గ్యాస్ అని, నీరసమని చెబుతారు. అందుకే ఏడాదిపాటు కడుపు మందులతోనే గడిచిపోయేవాళ్లుంటారు. టీఎస్‌హెచ్, బీ12, హిమోగ్లోబిన్, షుగర్ చూడాలి. థైరాయిడ్ తగ్గినా ఇదే రూపం.

ఆల్‌ప్రజోలామ్ ఆందోళనను కొన్ని గంటలు అణచుతుంది, కుంగుబాటును నయం చేయదు. కొద్ది వారాలకే శరీరం దానికి అలవాటు పడుతుంది. మాత్ర చాలకపోవడం, మానితే వణుకు అందుకే. ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈలోపు రాత్రిపూట లేచినప్పుడు పడిపోకుండా బాత్రూమ్‌ దాకా లైటు ఉంచండి. ఆమె బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్ర వాడుతుంటే కుంగుబాటు మందు రాసే డాక్టరుకు తప్పక చెప్పండి. రెండూ కలిస్తే పెద్దవాళ్లలో సోడియం పడిపోయి మత్తు, తికమక వస్తాయి.

ప్రశ్న: సైకాలజిస్టు దగ్గరికా, సైకియాట్రిస్టు దగ్గరికా?
– ఓ పాఠకురాలు, అనంతపురం

జవాబు: సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు థెరపీ, పరీక్షలు చేస్తారు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. నిద్ర, తిండి, పని దెబ్బతిన్నాయంటే ముందు సైకియాట్రిస్టుకు చూపించడం మంచిది.

ప్రశ్న: తమ్ముడికి 22, బీటెక్. డిప్రెషన్ అని మందులు మొదలుపెట్టిన మూడు వారాలకు ఒక్కసారిగా హుషారైపోయాడు. రాత్రి రెండు గంటలే పడుకుంటున్నాడు, అలసట లేదు. ఆపకుండా మాట్లాడుతున్నాడు, కంపెనీ పెడతానని లోన్ యాప్‌లో అప్పు చేశాడు. అమ్మ మాత్రం కోలుకున్నాడని సంతోషపడుతోంది.
– ఓ అక్క, హైదరాబాద్

జవాబు: ఇది కోలుకోవడంలా లేదు. ఈరోజే ఆ డాక్టరుకు ఫోన్ చేసి మీరు రాసింది రాసినట్టు చెప్పండి. కోలుకున్న మనిషికి నిద్ర కుదుటపడుతుంది. రెండు గంటలే పడుకుని అలసట తెలియకపోవడం ఉన్మాద దశకు (మేనియాకు) బలమైన గుర్తు. ఉన్మాదం, కుంగుబాటు మార్చిమార్చి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారికి చాలాసార్లు ముందుగా కనిపించేది కుంగుబాటే. అప్పుడు కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే కొందరిలో ఇలా తిరగబడుతుంది. ఇంతకుముందెప్పుడైనా నాలుగైదు రోజులు ఇలా ఉన్నాడా, మీ రెండువైపులా ఇలాంటి జబ్బు ఎవరికైనా ఉందా అన్నది డాక్టరుకు తెలియాలి. చాలా ఇళ్లలో మేనమామ సంగతి దాచేస్తారు. దయచేసి దాచకండి, మందు ఎంపిక దానిమీదే ఆధారపడుతుంది.

మందు ఆపాలా, మార్చాలా అన్నది డాక్టరే నిర్ణయించాలి. అతనితో వాదించకండి. బైకు తాళాలు, ఏటీఎం కార్డు మీ దగ్గర పెట్టుకోండి, లోన్ యాప్ తీసేయించండి. గది చీకటిగా ఉంచి, సాయంత్రం నుంచి కాఫీ, ఫోన్ తగ్గించండి. అస్సలు నిద్రపోకపోయినా, తిండి మానేసినా, కొట్టడానికి వచ్చినా ఆస్పత్రిలో చేర్చాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది.

ఒకవేళ బైపోలార్‌లో మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం రాస్తే రక్తంలో దాని స్థాయి చూడటం తప్పనిసరి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ఎండాకాలం చెమటలు పట్టినా, వాంతులు, విరేచనాలైనా లిథియం ఒంట్లో పేరుకుంటుంది. నీళ్లు, ఉప్పు తగ్గనివ్వకండి. ఇబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనివ్వకండి, జ్వరానికి పారాసిటమాల్ చాలు. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా తర్వాతి మాత్ర వేయకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.