జీతం ఆగబోయే ముందు గడియారం కోసం అప్పా?

ప్రశ్న: మాది బరంపురం. వయసు 29. జీతం నెలకు రూ.42,000. ఇంటి ఖర్చులు రూ.27,000, బైక్ ఈఎంఐ రూ.5,500 పోతాయి. బ్యాంకులో రూ.58,000 ఉన్నాయి. అమ్మానాన్నలకూ నాకూ కంపెనీ ఆరోగ్య బీమా ఉంది. సెలవుల్లో విశాఖపట్నం వెళ్లి స్కూబా డైవింగ్ చేస్తుంటాను. 14 నెలల తర్వాత ఉద్యోగం మానేసి, అండమాన్‌లో డైవ్‌మాస్టర్ (ఇతర డైవర్లను నీటిలో నడిపించే గైడ్) శిక్షణ పొంది, అదే వృత్తిగా స్థిరపడాలనుకుంటున్నాను. రూ.1.40 లక్షల డైవింగ్ గడియారాన్ని 16 శాతం వడ్డీకి 24 నెలల వ్యక్తిగత రుణంతో కొనమంటారా, లేక రూ.26,000 డైవ్ కంప్యూటర్ సరిపోతుందా?

జవాబు: కంప్యూటరే సరిపోతుంది. డైవింగ్ గడియారాల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 6425కు తగిన గడియారం కనీసం 100 మీటర్ల నీటి ఒత్తిడిని తట్టుకొని, చీకట్లోనూ సమయాన్ని స్పష్టంగా చూపుతుంది. అయితే మీరు ఎంత లోతున ఉన్నారో, అక్కడ ఇంకెంతసేపు ఉండవచ్చో, పైకి మరీ వేగంగా వస్తున్నారో లేదో చెప్పవలసింది కంప్యూటరే.

నన్ను కలవరపెట్టింది మీ రుణం ఆలోచన. ఉద్యోగం ఎప్పుడు మానాలో నిర్ణయించుకొని కూడా, ఆ ఉద్యోగపు జీతాన్నే చూపించి దీర్ఘకాలపు అప్పు చేసేవారు చాలామంది కనిపిస్తారు. మీ ఈఎంఐ సుమారు రూ.6,850 అవుతుంది, వడ్డీకే రూ.24,000కు పైగా పోతుంది, పైగా చివరి పది వాయిదాలు మీకు జీతం రాని నెలల్లో పడతాయి. దయచేసి ఆ దరఖాస్తు పెట్టకండి.

ఇంతకంటే పెద్ద ముప్పును మీరు అడగనే లేదు. రాజీనామాతో పాటే కంపెనీ బీమా ముగుస్తుంది, అమ్మానాన్నలు ఏ రక్షణా లేకుండా మిగులుతారు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం గురించి లిఖితపూర్వకంగా అడగండి, ఎందుకంటే అలా మారితే పాత జబ్బులకు ఇప్పటికే గడిచిన నిరీక్షణ కాలం (ఆ జబ్బుల ఖర్చును పాలసీ చెల్లించని తొలి వ్యవధి) వృథా కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. మీ విషయంలో మరొక చిక్కు ఉంది. మన ఆరోగ్య పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో తొమ్మిదవది, సాహస క్రీడలను వృత్తిగా చేసేవారికి వాటివల్ల అవసరమయ్యే చికిత్స ఖర్చును తోసిపుచ్చుతుంది, ఆ జాబితాలో స్కూబా డైవింగ్ పేరు స్పష్టంగా ఉంది. సరదాగా నీటిలో దిగే ఇప్పటి మీకు వర్తించని ఆ నిబంధన, డైవ్‌మాస్టర్‌గా జీతం తీసుకునే రోజు నుంచి వర్తిస్తుంది. వ్యక్తిగత ప్రమాద బీమాల్లో ఈ మినహాయింపు ఇంకా కఠినంగా ఉండవచ్చు. వృత్తి మారిన సంగతి దాచకుండా తెలియజేసి, డైవర్ల కోసమే ఉన్న ప్రమాద బీమాను విడిగా తీసుకోండి.

ఉద్యోగం మానేముందు, ఆరు నెలల ఖర్చులకు (బైక్ ఈఎంఐతో కలిపి) సరిపడే అత్యవసర నిధిగా మీకు రూ.1.95 లక్షలు కావాలి. నెలకు మిగిలే రూ.9,500 కదపకుండా ఉంచితే 14 నెలలకు చేతిలో సుమారు రూ.1.91 లక్షలు ఉంటాయి. ప్రీమియం కూడా ఇందులోంచే పోవాలి కనుక ప్రయాణాన్ని కొన్ని నెలలు వాయిదా వేయండి. అంతవరకు కంప్యూటర్‌ను డైవింగ్ కేంద్రంలో అద్దెకు తీసుకోండి, నిధి పూర్తయ్యాక నగదుతో కొనుక్కోండి.