విశ్రాంతిదినం ఏ వారం?

సందేహం: మాది విశాఖపట్నం వన్‌టౌన్. మా మందిరంలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతుంటాను. మొన్న పది ఆజ్ఞల్లో నాలుగోది, "విశ్రాంతిదినమును పరిశుద్ధముగా ఆచరించుటకు జ్ఞాపకముంచుకొనుము" అన్నది వివరిస్తూ, విశ్రాంతిదినమంటే ఆదివారమని చెప్పాను. ఒక పాప లేచి, "మా పక్కింటివాళ్ళు శనివారం చర్చికి వెళ్తారు టీచర్, దాన్ని సబ్బాతు అంటారు. మరి ఏది విశ్రాంతిదినం?" అంది. జవాబు తట్టలేదు. తెలుగులో ఆ మాటకు సరైన అర్థం ఏది? 'సబ్బాతు దినం' అనడం పునరుక్తి కాదా? ఇంకొకటి. మావారికి స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, ఈ మధ్య వీక్లీ ఆఫ్ బుధవారం వస్తోంది. దాన్ని 'వారాంతపు సెలవు' అనవచ్చా?

సమాధానం: అమ్మా, ఆ పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. జవాబు మీ చేతిలో ఉన్న తెలుగు బైబిల్లోనే ఉంది. మత్తయి సువార్త 28వ అధ్యాయం మొదటి వచనం తీసి పిల్లల చేతే చదివించండి. "విశ్రాంతిదినము గడచిపోయిన తరువాత ఆదివారమున, తెల్లవారుచుండగా" అని మొదలవుతుంది. ఒకే వాక్యంలో రెండు మాటలూ ఉన్నాయి. ఒకటి గడిచిపోయాక రెండోది వచ్చింది. ఈ వాక్యం రాసినవాళ్ళ తెలుగులో విశ్రాంతిదినం, ఆదివారం ఒకటి కావు. ఒకటే అనుకుని చదివితే పునరుత్థానం కథలో రోజుల లెక్కే తప్పుతుంది. శుక్రవారానికి 'సిద్ధపరచు దినము' అనీ, అది విశ్రాంతిదినానికి ముందురోజు అనీ మార్కు సువార్త విప్పి చెబుతుంది కూడా.

ఆ వచనంలో ఇంకో విశేషం ఉంది. గ్రీకు మూలంలో 'ఆదివారం' అన్న మాట లేదు. అక్కడున్నదాన్ని మాటకు మాట చెబితే 'సబ్బాతుల్లో ఒకటోది' అవుతుంది. సబ్బాతు అన్న మాటకే 'ఏడు రోజులు' అనే అర్థం కూడా వచ్చేసింది. లూకా సువార్తలో పరిసయ్యుడు (ధర్మశాస్త్ర నియమాలను కచ్చితంగా పాటించే యూదు వర్గంవాడు) "వారమునకు రెండు మారులు ఉపవాసము" చేస్తున్నానంటాడే, అక్కడ మూలంలో ఉన్నదీ సబ్బాతే. ఒక రోజు పేరు ఏడు రోజులకూ పేరవడం మనకు వింతగా తోచనక్కర్లేదు. మన 'వారం' చేసింది అదే. సోమవారం, మంగళవారం అన్నప్పుడు వారమంటే ఒక రోజు. రెండు వారాలు ఆగు అన్నప్పుడు పద్నాలుగు రోజులు. పూర్వం పేద విద్యార్థులు రోజుకొక ఇంట భోంచేసి చదువుకునేవారు. దాన్ని వారాలు చేసుకోవడం అనేవారు. అక్కడా వారమంటే రోజే. 'సబ్బాతుల్లో ఒకటోది' అన్నదాన్ని అనువాదకులు ఆదివారం అని తిప్పడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది, చదివేవాడికి ఎక్కడా తట్టుకోదు.

ఆదివారంలో 'ఆది' అంటే మొదటిది అని చాలామంది అనుకుంటారు. అసలు మాట ఆదిత్యవారం, సూర్యుడి రోజు. పంచాంగంలో భానువారం అన్నా అదే. వాడుకలో 'త్య' జారిపోయి ఆదివారం అయింది. వారాల వరసలో అది మొదటిదే కావడంతో 'ఆది' అన్న ఊహ కూడా కుదిరిపోయింది.

ఇక సబ్బాతు. హెబ్రీలో షబ్బాత్. 'మానుకోవడం, ఆపడం' అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. అంటే అది వారం పేరు కాదు, ఆ రోజు ఏం చెయ్యాలో చెప్పే పేరు. పని ఆపెయ్యాలి. ఇంగ్లీషువాళ్ళు పలకడంలో ఒక 'బ' పోగొట్టుకున్నారు గానీ మన సబ్బాతు ఆ 'బ్బ'ను నిలుపుకుంది. మూలంలోని అర్థం పని ఆపడమే కనక, 'సబ్బాతు దినం' పునరుక్తి కాదు. గ్రీకులో లూకా కూడా 'సబ్బాతుల దినం' అనే రాశాడు. నిస్సంకోచంగా వాడండి.

ఆపడం అన్న అర్థానికి 'విరామం' దగ్గర కదా, విశ్రాంతి ఎందుకు పెట్టారు అని మీరు అడగవచ్చు. మీ ఊళ్ళోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఫిషింగ్ హార్బరులో మరబోట్లు కదలవు. దాన్ని వేట విరామం అంటారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు, బోటు అలిసిపోయిందని కాదు. ఆదికాండంలో దేవుడు ఏడో రోజున 'విశ్రమించెను' అన్నచోట కూడా అలుపు ప్రసక్తి లేదు. ఆయన "సొమ్మసిల్లడు అలయడు" అని యెషయా గ్రంథం చెబుతోంది. ఆ ఒక్క చోటే చూస్తే విరామమే సరిపోయే మాట. కానీ ఆజ్ఞ మనుషులకు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, ఇంట ఉన్న పరదేశి, ఎవరూ ఆ రోజు పని చెయ్యకూడదని దాని వివరణ. వీళ్ళకు శ్రమ ఉంది. విశ్రాంతిలో ఉన్నది ఆ శ్రమే, 'వి' చేరి శ్రమ తీరడం అయింది. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అని గోడల మీద రాసి ఉండే వాక్యంలో చివరికి ఇస్తానన్నదీ విశ్రాంతే. రెండు చోట్లా ఒకే మాట ఉండబట్టి తెలుగు చదువరికి ఆ రెండూ ఒకదాన్నొకటి గుర్తుచేస్తాయి. విరామం అని ఉంటే ఈ లాభం దక్కేది కాదు.

'సెలవు దినం' అన్నా సరిపోయేది కాదు. సెలవంటే అనుమతి. యజమాని ఇవ్వాలి, మనం అడగాలి. ఆజ్ఞలోని దాసి ఎవరినీ సెలవు అడగనక్కర్లేదు. ఆ రోజు ఆమెకు ముందే రాసిపెట్టి ఉంది. ఈ తేడా పిల్లలకు తప్పకుండా చెప్పండి.

అలాగని సబ్బాతు అంటే శనివారమే అని రాసినా చిక్కే. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, గడియారం ప్రకారం అర్ధరాత్రి మారుతుంది, హెబ్రీ లెక్కలో సూర్యాస్తమయంతో మారుతుంది. సబ్బాతు మొదలయ్యేది శుక్రవారం పొద్దుగూకినప్పుడు, ముగిసేది శనివారం పొద్దుగూకినప్పుడు. శనివారం రాత్రి భోజనాల వేళకు అది అయిపోయి ఉంటుంది. ఆ పాప పక్కింటివాళ్ళు సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘంవారై ఉంటే శుక్రవారం సాయంత్రమే వాళ్ళింట్లో పనులు కట్టిపెట్టడం ఆమె చూసే ఉంటుంది. 1863లో అమెరికాలో ఏర్పడిన ఆ సంఘం ఏడో రోజునే పాటిస్తుంది.

మరి ఆదివారం ఎలా వచ్చింది? తొలి విశ్వాసులు యేసు లేచిన రోజని ఆ రోజు కూడుకునేవారు. "ఆదివారమున మేము రొట్టె విరుచుటకు కూడినప్పుడు" అని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ప్రకటన గ్రంథంలో 'ప్రభువు దినము' అన్న పేరుంది. సంఘం ఆ పేరును ఆదివారానికి స్థిరపరచుకుంది. లాటిన్‌లో అదే అర్థమున్న మాట నుంచి పుట్టినదే పోర్చుగీసువాళ్ళ దొమింగు. ఇవన్నీ కూడిక గురించి. ఆ రోజు పని మానాలని రాజశాసనం వచ్చింది 321లో. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ న్యాయాధికారులూ పట్టణవాసులూ చేతిపనులవాళ్ళూ సూర్యుడి రోజున పని ఆపాలన్నాడు. సేద్యగాళ్ళకు మాత్రం మినహాయించాడు. ఆ శాసనంలో ఉన్న పేరు మన ఆదిత్యవారానికి మాటకు మాట సరిపోతుంది. ఆ తర్వాత పాత విశ్రాంతిదినపు నియమాన్ని ఆదివారానికే వర్తింపజేసిన సంఘాలు ఆదివారాన్నే విశ్రాంతిదినం అన్నాయి. మీ మందిరంలో వినిపిస్తున్నది ఆ వాడుకే. అర్థం విస్తరించడం భాషలో సహజం, కాబట్టి మీరు చెప్పింది తప్పు తెలుగు కాదు. ఏ రోజు పాటించాలన్నది సంఘాలు తేల్చుకునే విషయం. భాష తెలిసినవాడిగా నేను పట్టుబట్టేది ఒక్కటే. సువార్త కథ చెప్పేటప్పుడు 'విశ్రాంతిదినమున స్వస్థపరచెను' అన్నచోట ఆదివారం అని మార్చి చెప్పకండి. పరిసయ్యులు ఎందుకు గొడవపడ్డారో పిల్లలకు అర్థం కాకుండా పోతుంది.

(నాలుగో ఆజ్ఞ అన్నారు. కథోలికులూ లూథరన్లూ దీన్ని మూడోదిగా లెక్కపెడతారు. మీ తరగతిలో అలాంటి ఇళ్ళ పిల్లలుంటే వాళ్ళను తప్పు పట్టకండి.)

నేను వాల్తేరులో చదువుకునే రోజుల్లో పాతనగరంలో ఒక మిత్రుడి ఇంటికి వెళ్తుండేవాణ్ణి. వాళ్ళమ్మగారు శనివారం సాయంత్రానికే కారం నూరి, బట్టలు ఇస్త్రీ చేసి మడతపెట్టి, "రేపు ప్రభువు దినం నాయనా" అనేవారు. ఆవిడ నోట విశ్రాంతిదినం అన్న మాట నేను వినలేదు. మీరు పిల్లలకు ఆదివారం గురించి చెప్పేటప్పుడు ఈ 'ప్రభువు దినం' వాడి చూడండి. చక్కని మాట, ఎవరితోనూ పేచీ రాదు.

మీ ఊరికి ఈ మాటలతో పాత సంబంధమే ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్‌వారు జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ ఇద్దరూ ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన పండితుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి అక్కడే కూర్చున్నారు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి ఆ మిషనరీలు ఇద్దరూ కన్నుమూశారు. పని ఆగలేదు. అదే మిషన్‌కు చెందిన ప్రిచెట్ చేతుల మీదుగా 1818లో మద్రాసులో కొత్త నిబంధన మొత్తం వెలువడింది. ఈనాడు మీరు చదువుతున్నది ఆ తర్వాత ఎందరో సవరించిన పాఠం.

చివరిగా మీవారి బుధవారం. 'వారాంతం' అంటే వారం చివర. బుధవారం వారం నడుమ వస్తుంది కనక 'వారాంతపు సెలవు' కుదరదు. 'వారపు సెలవు' అనండి, వీక్లీ ఆఫ్‌కు అది సరైన మాట. మాటల్లో 'ఆఫ్' అన్నా ఏమీ తప్పులేదు, ప్లాంటులో అందరూ అనేది అదే. అసలు శని, ఆదివారాలు కలిపి వారాంతం అనడం ఆఫీసుల లెక్క. పంచాంగంలోనూ మీ సువార్తలోనూ ఆదివారం వారానికి మొదలు.