పక్క పోర్షన్ మాటలు మా గదిలోకి

ప్రశ్న: చిక్కడపల్లిలో పాత ఇండిపెండెంట్ ఇంట్లో అద్దెకుంటున్నాం. ఓనరు ఇంటిని రెండు పోర్షన్లు చేసి, మధ్య తలుపు తీసేసి ప్లైవుడ్ కొట్టించారు. పక్కవాళ్ల టీవీ మాటలతో సహా వినిపిస్తుంది. పదో తరగతి పాపకు చదువు సాగట్లేదు. థర్మాకోల్ అంటిస్తే తగ్గుతుందా?

జవాబు: థర్మాకోల్‌కు డబ్బు పెట్టకండమ్మా. అంత తేలికైన వస్తువు శబ్దాన్ని ఆపలేదు. గుడ్ల ట్రేలూ, ఫోమ్ షీట్లూ గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయేమో గానీ అవతలి మాటను ఆపవు. మీ ఇంట్లో అసలు దొంగ ఆ ప్లైవుడ్డే. రాత్రి లైటు ఆర్పి దాని అంచులు చూడండి. పక్కింటి వెలుతురు కనిపించిన ప్రతి సందులోంచీ మాట కూడా వస్తుంది.

ఓనరు ఒప్పుకుంటే అక్కడ ఇటుక గోడ కట్టించి, రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయించండి. ఇటుకల పై వరుసకూ లింటెల్‌కూ (తలుపు ఖాళీ పైన ఉండే అడ్డ దూలానికీ) మధ్య మాలు నిండిందో లేదో దగ్గరుండి చూసుకోండి, తొందరలో వదిలేసేది అక్కడే. కాదంటే, మీ వైపు ప్లైవుడ్‌కు తగలకుండా విడిగా ఫ్రేము నిలబెట్టి, లోపల 50 మి.మీ. రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన ఉన్నిలాంటి పదార్థం) నింపి, 12.5 మి.మీ. జిప్సం బోర్డు రెండు పొరలు బిగించి, అంచులన్నీ సీలెంట్‌తో (సందులు పూడ్చే పేస్టుతో) మూయించండి.

ఈలోగా టీవీని ఆ గోడ నుంచి ఎదుటి గోడకు మార్చమని పక్కవాళ్లను అడగండి. పరీక్షలని చెబితే కాదనరు.