డైలాగులో సగం ఎదుటివాళ్లకి వదిలెయ్

బుజ్జీ,

నీ మెసేజ్ రాత్రి రెండుసార్లు చదివాను. ఆఫీసులో ఎనిమిది మంది పోగయ్యారు, లంచ్ బాక్సులు తెరిస్తే సినిమా డైలాగులే, అందులో ఒకతను పాత పోస్టర్లు కొంటున్నాడు, అతన్ని చూసి నువ్వు పాటల పుస్తకాలు పోగేయడం మొదలుపెట్టావు, అమ్మ తిడుతోంది. ఇంతేగా సంగతి. అమ్మ తిట్ల గురించి టెన్షన్ పడకు. నన్ను మీ అమ్మమ్మ "ఈ చిత్తుకాగితాలు కూడా నాతోపాటే తగలెయ్యరా" అనేది. ఆవిడ వెళ్లిపోయింది, కాగితాలు మాత్రం బీరువా పైనే ఉన్నాయి.

నువ్వు అడిగినవి రెండు. అందరూ గడగడా డైలాగులు చెప్పేస్తుంటే నీకు ఆ ఊపు రావడం లేదని ఒకటి, పుస్తకాలు ఎలా దాచుకోవాలని రెండోది. మొదటిదాని మీద నాకు ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే ఆ ఊపు నాకు బాగా వచ్చేది, దానివల్ల ఏమీ రాలేదు.

'దాన వీర శూర కర్ణ' 1977 సంక్రాంతికి వచ్చింది. దుర్యోధనుడూ కర్ణుడూ కృష్ణుడూ రామారావు గారే, దర్శకుడూ ఆయనే, దాదాపు నాలుగు గంటల సినిమా, కొండవీటి వెంకటకవి గారి మాటలు. ఆ మాటలు రికార్డులుగా కూడా వచ్చాయి. తెనాలిలో శ్రీరామనవమి పందిరి వేసినా, ఎవరింట్లో పెళ్లి జరిగినా మైకులో అవే. నిండుసభలో దుర్యోధనుడి పెద్ద డైలాగు నాకు నోటికి రావడమే కాదు, ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో కూడా తెలుసు. ఎవరింటికి వెళ్లినా తువ్వాలు భుజాన వేసుకుని మొదలుపెట్టేవాణ్ణి. చప్పట్లు కొట్టేవాళ్లు, కాఫీ ఇచ్చేవాళ్లు, పంపించేసేవాళ్లు. అలా పదేళ్లు చెప్పాను. దానివల్ల ఒక్కడంటే ఒక్కడు స్నేహితుడు కాలేదు. ఎందుకవుతాడు, నేను ఒక్కణ్ణే మాట్లాడుతుంటే?

తర్వాత మీ నాన్న దొరికాడు.

మీ అమ్మ పెళ్లిచూపులప్పుడు జరిగిన ఈ సంగతి నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. మీ తాతయ్య మామూలుగానే ఇంటిపేరు, గోత్రం, గుడివాడలో ఏ బజారు, ఫలానావారు మీకేమవుతారు అని పోలీసులా అడుగుతున్నారు. పెళ్లికొడుకు తల వంచుకుని పళ్లెం వైపు చూస్తున్నాడు. నేను గుమ్మం పక్కన నిలబడి మా పిన్ని కొడుకు చెవిలో "వీళ్లు అసమదీయులేనంటావా?" అన్నాను. 'మాయాబజార్' మాటలే, అసమదీయులంటే మనవాళ్లు, తసమదీయులంటే అవతలివాళ్లు. నెమ్మదిగానే అన్నాను గానీ ఆ గదిలో ఫ్యాన్ తిరగడం లేదు, వినపడింది. పెళ్లికొడుకు తల ఎత్తలేదు. సున్నుండ విరుస్తూ, "తసమదీయులకి ఇంత నెయ్యి వేసి పెడతారా అండీ" అన్నాడు. లోపలి గదిలో మీ అమ్మ పైకే నవ్వేసింది. మీ తాతయ్యకి ఏమీ అర్థం కాలేదు, ఆయన గోత్రం దగ్గరే ఆగిపోయారు. నాకు మాత్రం ఈ ఇంటికి వచ్చిపోయే మనిషి దొరికాడని తెలిసిపోయింది. ఆయన మిమిక్రీ చేయలేదు, గొంతు మార్చలేదు. నేను వదిలింది అందుకున్నాడు, అంతే.

అందుకే చెబుతున్నా, డైలాగు మొత్తం నువ్వే చెప్పకు. సగం చెప్పి వదిలెయ్. మిగతా సగం తెలిసినవాడు టేబుల్ అవతలి నుంచి అందుకుంటాడు. వాడే మీ గుంపులో నీ మనిషి. ఎవరూ అందుకోకపోతే ఊరుకో, ఇది ఏ సినిమాలోదో తెలుసా, ఎవరు అన్నారో తెలుసా అని వివరించడం మొదలుపెట్టావంటే అది క్లాసు అవుతుంది. పెద్ద డైలాగుల కంటే చిన్న ముక్కలే ఇందుకు పనికొస్తాయి. 'మాయాబజార్' వచ్చింది 1957లో, అందులో పింగళి నాగేంద్రరావు గారు పుట్టించిన మాటలు ఇవాళ్టికీ ఇళ్లల్లో తిరుగుతున్నాయంటే కారణం ఉంది, అవి చిన్నవి, దేనికైనా అతుకుతాయి. పిల్లాడు మంచి మార్కులు తెస్తే వీరతాళ్లు వేస్తాం. ఆఫీసులో అవతలి టీమువాళ్లు తసమదీయులు. ఆ సినిమా పూర్తిగా చూడనివాడికి కూడా ఆ మాటలు తెలుసు, అది మామూలు విషయం కాదు.

సందర్భం చూసుకుని వెయ్యి. నెలాఖరున క్యాంటీన్ బిల్లు ఎవరు కడతారని అందరూ ముఖాలు చూసుకుంటున్నప్పుడు "సాహసం..." అని ఆగావనుకో, డింభకుడు ఎవరో వాళ్లే తేల్చుకుంటారు.

డింభకుడంటే గుర్తొచ్చింది. 'పాతాళభైరవి'లో మాంత్రికుడు హీరోని డింభకా అని పిలిచి, సాహసం "సేయరా" అన్నాడా "శాయరా" అన్నాడా అని నేనూ ఒక స్నేహితుడూ ఆరు నెలలు మాట్లాడుకోలేదు. 1951 నాటి సినిమా, మేం పుట్టకముందుది, దానికోసం మేం మొహాలు చాటేసుకోవడం. అప్పట్లో సినిమా మళ్లీ ఊళ్లోకి వస్తే తప్ప సరిచూసుకునే దారి లేదు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది, సినిమా మొత్తాన్ని గంటకి కుదించి మాటలూ పాటలూ వినిపించేవాళ్లు, మా తరం చాలా డైలాగులు బొమ్మ చూడకుండా చెవితోనే నేర్చుకుంది. ఆ సినిమా వేస్తారేమోనని ఇద్దరం వేరువేరు ఇళ్లల్లో రేడియో దగ్గర కూర్చునేవాళ్లం. ఏది రైటో నీకు నేను చెప్పను, మాంత్రికుడు వేసిన రంగారావు గారి గొంతు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది, పెట్టుకుని విను. నేను చెప్పేది వేరే. ఎవరైనా తప్పు చెబితే మొదటిసారి దిద్దకు. రెండోసారి కూడా దిద్దకు. నీతో బాగా చనువు వచ్చాక దిద్దు, అప్పుడు పోట్లాటలో మజా ఉంటుంది. కొత్తలో దిద్దితే వాడు మళ్లీ నోరు తెరవడు.

హీరోల గొడవల్లోకి మాత్రం వెళ్లకు. దాని గురించి ఇంతకంటే రాయను.

ఇంకొకటి, థియేటర్లో. 2022 ఆగస్టులో 'పోకిరి' మళ్లీ వేసిన దగ్గర్నుంచి ఈ రీ-రిలీజుల జోరు మొదలైంది కదా. అవి నాకు ఇష్టమే. హాలు మొత్తం తెర కంటే ముందే డైలాగు చెబుతుంటే, పక్క సీట్లో ముక్కూమొహం తెలియని కుర్రాడు సగం చెప్పి నావైపు చూస్తే, ఈ వయసులో నేను కూడా అరిచాను. అక్కడ అరిచినా ఎవరూ ఏమీ అనుకోరు. కొత్త సినిమాలో మాత్రం నోరు కట్టేసుకో. మొదటిసారి వింటున్నవాడి చెవిని పాడుచెయ్యకూడదు.

ఇక పుస్తకాలు. మొదటిది, అన్నీ పోగెయ్యకు. పోస్టర్లు, ఫొటోలు, టిక్కెట్ ముక్కలు, పాత 'విజయచిత్ర' సినిమా పత్రికలు, క్యాసెట్లు అని వెళ్లావంటే రెండేళ్లలో ఇంట్లో జాగా ఉండదు, నీకు ఓపికా ఉండదు. పాటల పుస్తకాలు అనుకున్నావుగా, వాటిలోనూ గీత గీసుకో. నేను మా ఊరి హాళ్ల బయట అమ్మినవే దాచాను. పదో పదిహేనో పైసలు, నాసిరకం రంగు కాగితం, కథ సగం చెప్పి "మిగతా కథ వెండితెరపై చూడండి" అని ఆపేసేవాళ్లు. (చూశావా, వాళ్లకీ ఆ కిటుకు తెలుసు.) నువ్వు కావాలంటే ఒకే సంగీత దర్శకుడివి పట్టుకో, లేదా నువ్వు పుట్టిన ఏడాదివి పట్టుకో. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకు, విజయవాడ వచ్చినప్పుడు లెనిన్ సెంటర్లో వెతుకు. పొద్దున్నే వెళ్లు. కావాల్సినది కనపడగానే కళ్లు పెద్దవి చెయ్యకు, పక్కనున్న వంటల పుస్తకం ధర అడిగి తర్వాత దీనికి రా. పోస్టర్ల అతనికి కూడా ఒక మాట చెప్పు, పాత పోస్టర్లు మడతపెట్టి హాళ్లకి పంపేవాళ్లు, మడత గీతలు లేకుండా నున్నగా మెరిసిపోతుంటే ఒకటికి రెండుసార్లు చూసుకోమను.

ఇంటికి తెచ్చాక ముందు పిన్ను తీసెయ్. తుప్పు మొదట తినేది మధ్య పేజీనే. గోరుతో లాగకు, వెనక నుంచి పిన్ను కాళ్లు లేపి తియ్యి, ఆ రంధ్రాల్లోంచే తెల్లదారం వేసి కుట్టు. చిరిగిన చోట సెల్లోటేపు వెయ్యకు, నేను వేశాను, ఇప్పుడు టేపు ఊడిపోయింది, దాని పచ్చటి మచ్చ మాత్రం పాట పల్లవి మీద ఉండిపోయింది. లామినేషన్ అసలే వద్దు. కలరా ఉండలు పుస్తకానికి తగలకుండా మూలన గుడ్డలో కట్టి పెట్టు, బీరువా గోడకి ఆనించకు, చెదలు గోడలోంచే వస్తాయి. ఫోన్‌లో ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకో. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడ కొన్నావు, ఎప్పుడు, ఎవరి దగ్గర అనేది వేరే నోటు పుస్తకంలో రాయి, పాటల పుస్తకం మీద మాత్రం రాయకు.

ఈ రాసుకోవడం ఎందుకు అంటావేమో. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న వచ్చిందని నేను ఎన్ని క్విజ్‌లలో చెప్పి ఉంటానో, ఆ తేదీనే అందరం తెలుగు సినిమా పుట్టినరోజు అనుకున్నాం. రెంటాల జయదేవ గారనే జర్నలిస్టు పాత కాగితాలు తవ్వి, సెన్సారు అయిందే 1932 జనవరి 22న, బొంబాయిలో విడుదలైంది ఫిబ్రవరి 6న అని తేల్చారు. ఆ సినిమా ఇప్పుడు చూద్దామన్నా లేదు. కాగితాలు ఉన్నాయి కాబట్టి తేదీ దొరికింది. నీ దగ్గరున్న పుస్తకం వెనక హాలు ముద్ర ఉంటే, ఆ సినిమా ఆ ఊళ్లో ఆడిందనడానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే కావచ్చు.

అప్పు మాత్రం ఇవ్వకు. ప్రదర్శన పెడతానని ఒకాయన నా దగ్గర అరవై పుస్తకాలు పట్టుకెళ్లాడు, కాఫీ తాగి మరీ వెళ్లాడు. ఇరవై ఏళ్లయింది. చూడాలన్నవాళ్లని ఇంటికి పిలువు, పక్కన కూర్చోబెట్టి చూపించు. అసలు పోగేసేది దానికే కదా, ఎవరైనా పేజీ తిప్పుతూ "ఓయ్, ఇది..." అని ఆగిపోవాలి, నువ్వు అందుకోవాలి.

ఫిల్ము ముక్కలు కూడా అడిగావు. చిన్నప్పుడు హాలు వెనక ఏరుకునేవాళ్లం. మాడిపోయిన బల్బు లోపల తీగ తీసేసి, నీళ్లు పోసి, తలుపు సందులోంచి అద్దంతో ఎండ పంపించి, మీ తాతయ్య తెల్లపంచె మీద బొమ్మ వేసేవాళ్లం. ముక్క తలకిందులుగా పట్టుకుంటేనే బొమ్మ నిలబడేది, అది కనిపెట్టడానికి మాకు ఒక వేసవి పట్టింది. ఆ ముక్కల డబ్బా పోయిన ఏడాది తెరిస్తే పుల్లటి వాసన గుప్పుమంది, సగం ముక్కలు చుట్టుకుపోయాయి. ఫిల్ము పాడయితే అలాగే పులుస్తుంది, పక్కనున్నవాటిని కూడా చెడగొడుతుంది. బాగున్నవి ఏరి కాగితం కవర్లలో వేరుగా పెట్టాను. అవి నీకు ఇవ్వను, చూపిస్తాను.

పుస్తకాలు ఇస్తాను. అరవై పోగా మిగిలినవి ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి, దారంతో కుట్టి ఉన్నాయి, నోటు పుస్తకం కూడా పైనే పెట్టాను. వచ్చే నెల రెండో శనివారం రా, మీ నాన్నని కూడా తీసుకురా, తెనాలిలో రైలు దిగే ముందు ఫోన్ చెయ్యి. అత్తయ్య సున్నుండలు చేస్తానంది. నెయ్యి ఎంత వెయ్యాలో మీ నాన్ననే అడగమంది.

మీ మావయ్య