గ్రీస్‌లోని క్రీట్ దీవిలో మూడు రోజులుంటే ఏ ఊళ్లు చూడాలి, ఏం తినాలి?

మూడు రోజుల్లో దీవంతా చుట్టేద్దామనుకోకండి. క్రీట్ తూర్పు నుంచి పడమరకు దాదాపు 260 కిలోమీటర్లు. ఉత్తర తీరంలోని హెరాక్లియన్, రెథిమ్నో, హన్యా చాలు. మూడింటినీ కలుపుతూ బస్సులున్నాయి. హెరాక్లియన్ నుంచి హన్యా సుమారు 140 కిలోమీటర్లు, బస్సుకు మూడు గంటలు లెక్కేసుకోండి.

మొదటి రోజు క్నోసోస్, అంటే ప్రాచీన రాజభవన శిథిలాలు. హెరాక్లియన్ నుంచి 5 కిలోమీటర్లే, సిటీ బస్సు వెళ్తుంది. గేటు తీసే వేళకే అక్కడుండండి. లోపల నీడ తక్కువ. పొద్దెక్కితే ఎండ, టూరు బస్సుల జనం రెండూ ఒకేసారి మీద పడతాయి. అక్కడ మీరు చూసే ఎర్ర స్తంభాలు ఆ భవనం కట్టిన ప్రాచీన క్రీట్ జనం, మినోవన్ల కాలంవి కావు. 1900లో తవ్వకాలు మొదలుపెట్టిన బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఆర్థర్ ఎవాన్స్ కాంక్రీటుతో తిరిగి కట్టించినవి. గోడల మీది బొమ్మలూ నకళ్లే. అసలువి హెరాక్లియన్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి, అందుకే అది చూడకపోతే క్నోసోస్ సగమే చూసినట్టు. ఎద్దు వీపు మీద పల్టీ కొడుతున్న మనిషి చిత్రాన్ని దగ్గరగా చూడండి: పాత ముక్కలేవో, తర్వాత పూరించిందేదో తేడా తెలిసిపోతుంది.

తిండిలో ముందు డాకోస్. బార్లీ రస్కు మీద తురిమిన టమాటా, మిజిత్రా చీజ్, ఆలివ్ నూనె, ఒరెగానో. రస్కు రాయిలా ఉంటుంది. టమాటా రసం లోపలికి ఇంకేదాకా ఐదు నిమిషాలు ఆగి తినండి. శాకాహారులు ‘హోర్తా’ అడగండి, నిమ్మరసం పిండిన ఉడికించిన ఆకుకూర. ఎంత బాగుంటుందో!

హన్యాలో వెనీషియన్ల నాటి రేవుకు సాయంత్రం వెళ్లండి. భోజనం మాత్రం నీటి ఒడ్డున కాకుండా వెనక సందుల్లో చేయండి, ధర తగ్గుతుంది.