అమ్మ ఆర్మీలో ఆఫీసర్, పెన్షన్ లేదు... నా చదువు సంగతేంటి?

ప్రశ్న: మా అమ్మ 1999లో షార్ట్ సర్వీస్ కమిషన్‌లో ఆర్మీలో చేరి, ఐదేళ్ల గడువు అయ్యాక బయటికొచ్చింది. పెన్షన్ లేదు. నాన్న లేరు. ఇప్పుడు అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నేను ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఇంజినీరింగ్ మానేసి ఉద్యోగం చూసుకోవాలా? మాజీ సైనికులకిచ్చే సాయం మాకు రాదా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మానేయకండి. అయితే ఎవరో చెప్పారని రాని డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు. రక్షణ మంత్రి సంక్షేమ నిధి నుంచి పిల్లల చదువుకిచ్చే గ్రాంటును 2025 నవంబరు నుంచి నెలకు 2,000 రూపాయలు చేశారు. కానీ అది హవల్దార్, అంతకు కింది ర్యాంకుల కుటుంబాలకే. అమ్మగారు ఆఫీసర్ కాబట్టి పీఎం స్కాలర్‌షిప్ కూడా మీకు వర్తించదు. వైద్య విభాగాలను పక్కన పెడితే, 1992లో ఆడవాళ్లకు ఆర్మీ తలుపు తెరిచింది ఆఫీసర్లుగానే. జవాన్ల స్థాయిలో మొదటి మహిళా బ్యాచ్ మిలిటరీ పోలీసులో బయటికొచ్చింది 2021లో. దాంతో మీ అమ్మగారి లాంటివాళ్లకు పేరుకు ఆఫీసర్ ర్యాంకు మిగిలింది, చేతికి పెన్షన్ రాలేదు, పిల్లల చదువు గ్రాంటుకేమో ఆ ర్యాంకే అడ్డు.

అదే నిధి నుంచి ఇచ్చే తీవ్ర వ్యాధుల గ్రాంటు మాత్రం పెన్షన్ లేని అన్ని ర్యాంకులవారికీ ఉంది. డయాలసిస్ అందులోకి వస్తుంది. ఆఫీసర్లకు ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు, దానికీ ఒక పరిమితి ఉంటుంది. డిసెంబరు 7న పతాక దినోత్సవమని కాలేజీలో డబ్బా తిప్పుతారే, ఆ విరాళాల సొమ్ము చేరేది ఇలాంటి సాయాలకే. ఇంకో దారి ఈసీహెచ్‌ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం. 2019 నుంచి షార్ట్ సర్వీస్ ఆఫీసర్లను కూడా ఒకసారి రుసుము కట్టించుకుని చేర్చుకుంటున్నారు. ఏళ్ల తరబడి సాగే వైద్యానికి నా ఓటు దీనికే. రెండింటిలో ముందు దేనికి దరఖాస్తు చేయాలో జిల్లా సైనిక సంక్షేమ అధికారిని అడిగాకే డబ్బు కట్టండి.

ఆ ఆఫీసుకు అమ్మగారి రిలీజ్ ఆర్డర్, ఆసుపత్రి ఒరిజినల్ బిల్లులు పట్టుకెళ్లండి. ఎక్స్‌సర్వీస్‌మెన్ గుర్తింపు కార్డు లేకపోతే మొదటి పని అదే. ఒకసారి ఇలాంటి పనిమీదే ఒకావిడకు తోడు వెళ్తే, కౌంటర్లో కుర్రాడు ‘మీవారి కాగితాలేవమ్మా?’ అన్నాడు. ఉద్యోగం చేసింది ఆవిడే అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మీకూ ఆ ప్రశ్న ఎదురైతే టెన్షన్ పడకండి, రిలీజ్ ఆర్డర్ ముందు పెట్టండి.

ఇక మీ సీటు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు ‘క్యాప్’ కోటా 2 శాతం ఉంది. అమరుల పిల్లల తర్వాతే మాజీ సైనికుల పిల్లల వంతు కాబట్టి ర్యాంకు బాగా రావాలి. దీనికి అమ్మగారు ఆఫీసర్ కావడం అడ్డు కాదు. ఆదాయ ధ్రువీకరణ పత్రం కూడా ఇప్పుడే తీసుకోండి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కావాలి. క్యాప్ సర్టిఫికెట్ల పరిశీలనకు వేరే తేదీ ఇస్తారు. ఆ రోజు అమ్మకు డయాలసిస్ ఉంటే ముందే ఆసుపత్రిలో మాట్లాడి మార్పించుకోండి.