మాల్దీవులకు పోయే ముందు

అల్లుడూ,

మాల్దీవుల్లో టీచర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది, మస్తు సంతోషమైంది. సంతకం పెట్టేముందు ఏ దీవికి పంపుతున్నారో అడుగు. "రాజధాని మాలె దగ్గరే" అంటే ఊరుకోకు, దీవి పేరు రాయించుకుని మ్యాప్‌లో చూడు. అది సుమారు 1,190 దీవుల దేశం, ఉత్తరం నుంచి దక్షిణం దాకా 800 కిలోమీటర్ల పైనే, జనం ఉండేవి మాత్రం రెండు వందల లోపు.

దూరం ఎందుకు చూడమంటున్నానంటే, నేలంతా పగడపు ఇసుక, వరి పండదు, బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, డీజిల్ అన్నీ పడవ మీదే రావాలి. మనకు వానలు పడే నెలల్లోనే అక్కడా సముద్రం పొంగుతుంది, పడవ ఆగిందంటే దుకాణంలో కూరగాయలు ఉండవు. అందుకే జీతం అంకె ఒక్కటే చూసి మురిసిపోకు. గది, కరెంటు, నీళ్ల ఖర్చు ఎవరిదో కాగితం మీద ఉండాలి.

నీళ్ల సంగతి బాగా అర్థం చేసుకో. వరంగల్‌లో పుట్టినోళ్లం, కాకతీయుల చెరువులు చూసి పెరిగినోళ్లం, అక్కడ ఒక్క నది కూడా లేదు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలికగా పలుచని పొరలా నిలుస్తుంది. మనిషి లోతు తవ్వితే చాలు తగులుతుంది, కానీ ఎక్కువ తోడితే కిందనుంచి ఉప్పు పైకి వస్తుంది. 2004 సునామీలోనైతే సముద్రపు నీరు పైనుంచి ముంచెత్తి చాలా దీవుల బావులు ఉప్పుబారి పాడయ్యాయి. తాగడానికి ఇంటి పక్క ట్యాంకులో పట్టిన వాన నీరో, సముద్రపు నీటిని శుద్ధి చేసిందో వాడతారు. 2014 డిసెంబర్‌లో మాలెలో ఆ శుద్ధి చేసే ప్లాంటులో మంటలు లేచి ఆగిపోతే మన దేశమే విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపింది. స్కూల్ ఇచ్చే గది దగ్గర ట్యాంకు ఉందా అని అడగడానికి సిగ్గుపడకు.

డబ్బు విషయానికొస్తే, మొదటి రిసార్ట్ 1972లో తెరిచారు, ఇప్పుడు టూరిజమే ఆ దేశానికి పెద్ద ఆదాయం, తర్వాత గాలంతో ఒక్కొక్కటిగా పట్టే ట్యూనా చేప. వచ్చిన డాలర్లు సరుకుల దిగుమతికే పోతాయి కాబట్టి ఎప్పుడూ కొరతే, నీ జీతం అక్కడి డబ్బు రుఫియాల్లో ఇస్తే ఇంటికి పంపడానికి బ్యాంకు పరిమితి అడ్డొస్తుంది. జీతం డాలర్లలోనా, రుఫియాల్లోనా తేల్చుకోకుండా ఇక్కడ అప్పు చేయకు.

సూట్‌కేసులో దేవుడి విగ్రహాలు, మద్యం పెట్టుకోకు, కస్టమ్స్‌లో ఆపేస్తారు. సెలవు శుక్ర, శనివారాలు.

కాగితాలన్నీ ఫొటో తీసి ఇవాళ రాత్రికే పంపు, చదివి ఫోన్ చేస్తాను.

మీ మామ,
హనుమకొండ